లంద నించి ల్యాబు దాకా

పోయిన ఏడు మా బడికి పళ్ల డాక్టర్లు క్యాంపు పెట్టడానికి వచ్చిండ్రు. శామీర్‌పేట దిక్కు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను బయాలజీ సారును. పిల్లలను వరుసగ నిలవెట్టి, నోళ్లు తెరిపించి, చేతిలైటు వేసి చూసి, తలా ఒక బ్రష్షు, చిన్న పేస్టు ట్యూబు ఇచ్చిండ్రు. మంచిదే. పగటీలి స్టాఫ్‌రూంలో చాయ్ తాగుకుంట వాళ్లల్లో పెద్దాయన "సారూ, మీ ఇంటిపేరేంది" అని అడిగిండు. చెప్పిన. "ఊరు?" చెప్పిన. "నాన్నగారు ఏం చేసేవారు?" ఈ మూడు ప్రశ్నలు ఎక్కడికి పోతయో మనకు తెలవంది కాదు. బడిల చేరిన నాటి సంది నన్ను ఇదే వరుసలో అడుగుతున్నరు. "మేడ్చల్ బస్టాండు కాడ చెప్పులు కుట్టెటోడు" అని చెప్పిన, గొంతు తగ్గియ్యకుంటనే.

ఆయన మొకం మాడ్చుకోలేదు. పైగా సంతోషపడ్డడు. "మరింకేం సార్, మీవాళ్లకు డెంటల్ టెక్నీషియన్ కోర్సు చెప్పండి. ఇంటర్ అయినోళ్లను పంపండి. రెండేళ్లల్లో పని దొరుకుతది. చేతిపని మీవాళ్లకు రక్తంలోనే ఉంటది గదా" అన్నడు. చుట్టున్న సార్లు తలకాయలు ఊపిండ్రు. ఒకాయన "నిజమే, నిజమే" అని కూడ అన్నడు. నేను చాయ్ తాగిన. గ్లాసు కింద పెట్టి తొమ్మిదో తరగతికి పోయిన. ఆనాడు నోట్లనే ఉండిపోయిన మాట ఇక్కడ రాస్తున్న.

ఆయన మాటల తిట్టు లేదు. మోసం అక్కడ్నే ఉన్నది. తిట్టినోన్ని తిరిగి తిట్టొచ్చు, కేసు పెట్టొచ్చు. మెచ్చుకున్నోన్ని ఏం చేస్తవు? మీ రక్తంలో చేతిపని ఉన్నదంటే, తమ రక్తంలో పుస్తకం ఉన్నదని చెప్పకనే చెప్పుడు. ఆయన కొడుకు బీడీఎస్ చదువుతున్నడట, ఆ సంగతి గూడ ఆ చాయ్ మీదనే చెప్పిండు. ఆయన పిలగాడు కుర్చీ పక్కన నిలబడాలె, మా పిలగాడు గోడ వెనక కూసోవాలె. ఇద్దరు చేసే పని ఒక్క నోటి కోసమే. ఒకరిది విద్య అయితది, ఒకరిది రక్తం అయితది.

ఆయనకు తెలవని సంగతి ఒకటుంది. నా తమ్ముడు పదిహేడేండ్ల సంది ఆ పనే చేస్తున్నడు. ఆ డాక్టరు క్లినిక్కుల పేషెంట్ల నోట్లో పెట్టిన పళ్లల్లో మా తమ్ముడు చేసినయి ఎన్నో, ఎవరికెరుక.

మా ఊరు మేడ్చల్‌కు శామీర్‌పేటకు నడుమ ఉంటది. ఊరికి తూర్పున మాదిగవాడ, వాడ చివర లంద. తాత కాలం దాకా చచ్చిన గొడ్డు తోలు ఒలిచి తెచ్చి, సున్నంలో నానవెట్టి, బొచ్చు గీకి, తంగేడు చెక్క నీళ్లల్లో రోజుల తరబడి ఊరవెట్టెటోళ్లు. చెక్కలోని టానిన్ పోయి తోలులోని ప్రొటీన్‌ను పట్టుకుంటేనే తోలు కుళ్లకుండ నిలుస్తదని నేను డిగ్రీలో చదివిన. తాతకు టానిన్ అనే పదం తెలవదు. కాని తోలును వేలుతో వత్తి చూసి ఇయ్యాల తియ్యాల్నా, ఇంకో రెండు రోజులు ఆగాల్నా చెప్పెటోడు. నాకు డిగ్రీలో పరీక్ష పెట్టిన కెమిస్ట్రీ మా ఇంటెనక లందల నడిచింది. ఆ వాసనకు ముక్కు మూసుకున్నోళ్లు ఆ తోలు చెప్పులు తొడుక్కొనే నడిచిపోయిండ్రు.

నాయిన చెప్పిన ముచ్చట ఒకటి. దొరకు కొత్త చెప్పులు కావాలంటే తాత ఆయన కాలు పట్టి కొలువద్దు. దొర దుమ్ములో అడుగు వేసి పక్కకు జరుగుతడు. తాత వంగి కూసొని ఆ అడుగును పుల్లతో కొలుచుకొని, పుల్లను విరిచి రుమాలులో ముడివేసుకొని వస్తడు. కాలును చూడకుండ, కాలి అచ్చును చూసి చెప్పులు కుట్టాలె. కరిస్తే తప్పు తాతది. సరిపోతే మెప్పు దొర కాలిది.

తమ్ముని పని మొదటిసారి చూసిన్నాడు నాకు ఆ పుల్ల యాదికొచ్చింది.

2008ల నేను డిగ్రీ అయిపోయి బీఈడీకి ప్రయత్నం చేస్తున్న. తమ్ముడు ఆ ఏడే ఇంటర్ బైపీసీ పాసైండు. మా వాడ పిలగాడొకడు సికింద్రాబాదులో పళ్ల ల్యాబులో ఉండెటోడు. వాడు చెప్తే తమ్మునికి ఆ కోర్సు మీద మనసు వడ్డది. రెండేండ్ల కోర్సు, డబ్బు కట్టాలె. నాకూ బీఈడీకి డబ్బు కట్టాలె. ఇంట్లో ఉన్నది రెండు బర్లు, అవ్వ పుస్తెలతాడు. నాయిన రెండు రాత్రులు ఆలోచన చేసి "పెద్దోడు సారైతే చిన్నోన్ని చూసుకుంటడు" అన్నడు. బర్లు అమ్మిండ్రు. నేను బీఈడీ చదివి 2012 డీఎస్సీలో నౌకరి కొట్టిన. తమ్ముడు కోర్సు లేకుండనే ఆ ల్యాబులో హెల్పరుగా చేరిండు. నెలకు పద్దెనిమిది వందలు. నా సర్వీసు రిజిస్టరు మొదటి పేజీల నా పేరే ఉంటది గని, అది నా ఒక్కనిది కాదని నాకు తెలుసు. చూసుకునుడంటరా? ఏం చూసుకున్న? పండుగకు బట్టలు పెట్టిన. అంతే.

వాని పని ఏమిటో నాకు ఐదేండ్ల దాకా సరిగ తెలవదు. "పళ్లు చేస్తడు" అని చెప్పెటోన్ని, అది గూడ కొంచెం నవ్వుకుంట. ఒక రాత్రి జ్వరమొచ్చిందని తోలుకొని రాను పోయి అక్కడ కూసొని చూసిన. ఒక ఇంటి పైన రేకుల గది. ఏడుగురు మనుషులు. బల్లల మీద తెల్ల దవడలు, గులాబీ దవడలు, ఒక్కొక్క డబ్బ మీద క్లినిక్కు పేరు, పేషెంటు పేరు, తారీఖు.

క్లినిక్కులో డాక్టరు ట్రేలో అల్జినేటు నింపి నోట్లో పెట్టి కొలత తీస్తడు. అల్జినేటు సముద్రపు నాచు నుంచి తీసేది, నీళ్లు ఆరితే కుంచించుకపోతది. అందుకే అచ్చు వచ్చిన ఎంబడే దాంట్లో స్టోన్ పోయాలె. పోసేటప్పుడు వణికే మిషిను మీద పెట్టి గాలి బుగ్గలు లేకుండ చూడాలె. ఒక్క బుగ్గ మిగిలితే స్టోన్ మీద మొటిమె లేస్తది, ఆ మొటిమె మీద కట్టిన పన్ను నోట్లో కూసోదు. తమ్ముడు మొదటి ఏడాదంత ఈ బుగ్గలతోనే కొట్లాడిండు. ఆ తర్వాత మైనం. నిప్పు మీద కాల్చిన చిన్న కత్తితో మైనం చుక్కలు చుక్కలుగ వేసి పన్ను ఆకారం చెక్కాలె. కింది దవడల మొదటి చర్వణకానికి ఐదు గుబ్బలుంటయి. గుబ్బల నడుమ వాగుల లెక్క గీతలుంటయి. పై పన్ను గుబ్బ కింది పన్ను వాగులోకి దిగాలె, అప్పుడే నమిలినట్టు. నేను పిల్లలకు 2-1-2-3 అని దంత సూత్రం చెప్తున్న. కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని బోర్డు మీద రాస్తున్న. ఐదో గుబ్బ ఏ దిక్కున ఉంటదో నాకు తెలవదు. వానికి చీకట్లో అడిగినా తెలుసు.

ఆ మైనం పన్నుకు కాడ పెట్టి, ఇనుప రింగులో నిలవెట్టి చుట్టూ మట్టిలాంటి పొడి కలిపి పోస్తరు. గట్టి పడ్డంక తొమ్మిది వందల డిగ్రీల దాకా కాలుస్తరు. మైనం కాలిపోయి పన్ను ఆకారంలో గుంత మిగులుతది. ఆ గుంతలోకి కరిగిన నికెల్ క్రోమియం పోతది. అది గీకి పల్చగ చేసి, పైన పింగాణి పొరలు పొరలుగ కట్టి, మళ్లా కొలిమిల పెడతరు. కాలితే పింగాణి కుంచించుకపోతది, అది లెక్కవెట్టి పెద్దగ కట్టాలె. ఎంత పెద్దగ? వాని వేళ్లకు తెలుసు. తాత తోలు వత్తి చూసినట్టే.

మైనం కరిగించి లోహం పోసే ఈ ఉపాయం పళ్లకు వాడి 1907ల అమెరికాల విలియం టాగర్ట్ అనే డాక్టరు లోకానికి చూపెట్టిండు. అది సైన్సు అయింది. అదే ఉపాయంతో మన ఆదిలాబాద్ ఓజాలు తరతరాలుగ బొమ్మలు పోస్తున్నరు. అది హస్తకళ అయింది, ఎగ్జిబిషన్ల స్టాలు అయింది. పని ఒక్కటే, చేసినోన్ని బట్టి దాని పేరు మారుతది. ఇది చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కరలేదు.

రక్తం మాటకే వస్తున్న. మా తమ్మునికి ఈ పని రక్తంలో రాలేదు. పదిహేడేండ్లల్లో వచ్చింది. వేళ్లు కాలంగ వచ్చింది, అర్ధరాత్రి దాకా కూసొని కండ్లు మంటలు లేవంగ వచ్చింది. ఇంజినీరు కొడుకు ఇంజినీరయితే కష్టపడి చదివిండు అంటరు. మాదిగోని కొడుకు చెయ్యి తిరిగితే పుట్టుకతో వచ్చిందంటరు. కష్టం వాళ్లది, పుట్టుక మాది. కులమంటే పని పంచుకునుడే గదా అని సమర్థించెటోళ్లకు అంబేడ్కర్ 1936లనే జవాబు రాసిండు. తొంభై ఏండ్లాయె. ఆ వాదన ఇప్పుడు స్టాఫ్‌రూంలో చాయ్ గ్లాసు పట్టుకొని కూసున్నది, అంతే తేడా.

ఇగ చట్టం సంగతి. డెంటిస్టుల చట్టం 1948లనే వచ్చింది. దాంట్లో పళ్ల డాక్టరుతో పాటు డెంటల్ మెకానిక్ అనే పేరు గూడ ఉన్నది. పళ్ల సెట్లు, నోట్లో పెట్టే సామాన్లు చేసెటోడు, బాగుచేసెటోడు అని అర్థం చెప్పింది. వాళ్లకు వేరే రిజిస్టరు ఉండాలన్నది. దాని స్థానంలోకి తేవడానికి 2023ల పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు నించి ఈ పనికి కాగితం మీద గౌరవం ఉన్నది. ఎవరికి? గుర్తింపు ఉన్న కాలేజీల కోర్సు చదివినోనికి. మా తమ్మునికి ఆ కాగితం లేదు. కాబట్టి సర్కారు దవాఖానల ఆ కొలువు లేదు, రిజిస్టరుల పేరు లేదు. వాని చేతికింద నేర్చుకున్న పిలగాండ్లల్లో కోర్సు చేసినోళ్లున్నరు. వాళ్లకు పన్ను చెక్కుడు నేర్పింది వాడే, సంతకం వాళ్లది.

వేరే దేశాల సంగతి చూడుండ్రి. ఆస్ట్రేలియాల టాస్మేనియా రాష్ట్రం 1957లనే పళ్ల సెట్లు చేసెటోళ్లు నేరుగ పేషెంటును చూడొచ్చని చట్టం చేసింది. ఫిన్లాండుల 1964ల ఆ హక్కు వచ్చింది. అమెరికాల ఓరెగాన్ రాష్ట్రంల 1978ల జనం ఓట్లేసి, సెట్టు చేసెటోడే కొలత తీసి సెట్టు పెట్టొచ్చని తీర్పిచ్చిండ్రు. ఇంగ్లండుల 2008 నించి టెక్నీషియన్ ప్రతి ఒక్కడు కౌన్సిల్ల రిజిస్టరు కావాల్సిందే. అక్కడి డాక్టర్లు గూడ ఊకున్నరనుకోవద్దు, కొట్లాడిండ్రు. అయినా ఆ చేతికి ఒక పేరు పెట్టక తప్పలేదు. ఇక్కడ తాత దొర కాలు ముట్టొద్దు, తమ్ముడు పేషెంటు నోరు చూడొద్దు. రెండిట్లకు కారణాలు వేరని నాకు తెలుసు. నోట్లో చెయ్యి పెట్టాల్నంటే చదువు కావాలె, రోగాలు తెలవాలె, ఒప్పుకుంట. కాని ఆ చదువు మాకెందుకు దొరకలేదన్న ప్రశ్న ఆ కారణాల కింద అణగిపోవద్దు.

పైసల సంగతి గూడ చెప్పాలె. 2014ల తమ్ముడు నాకు రెండు కాగితాలు చూపెట్టిండు. ఒకటి ల్యాబు బిల్లు, ఒక మెటల్ సిరామిక్ క్యాపుకు మూడు వందల యాభై. ఇంకోటి మా వాడాయన అదే క్యాపు కోసం క్లినిక్కుల కట్టిన రసీదు, మూడున్నర వేలు. డాక్టరుకు కిరాయి ఉంటది, కుర్చీ ఖర్చు ఉంటది, పన్ను అరగదీసుడు, వేరు సాఫుచేసుడు ఆయన పనే, కాదనను. మరి ఆ మూడు వందల యాభైల ల్యాబు ఓనరు, కరెంటు, లోహం, పింగాణి పోయినంక తమ్మునికి ఏం మిగిలింది? డాక్టరు తీసిన కొలత తప్పు పోయి క్యాపు కూసోకపోయినా డబ్బ తిరిగి వస్తది, మళ్లా చెయ్యాలె, ఊకెనే చెయ్యాలె. ఫోన్ల తిట్లు అదనం. పుల్లతో కొలిచిన తాతకు పడ్డ తిట్లే, ఇప్పుడు ఇంగ్లీషు కలిసింది.

దుమ్ము సంగతి రాయాలంటే నా చెయ్యి ఆగుతున్నది. ఆ రేకుల గదిల లోహం గీకుడు, ఇసుక కొట్టుడు, పింగాణి గీకుడు, రింగు పగలగొట్టుడు అంత ఒక్కతాన్నే. రింగుల పోసే పొడిల సిలికా ఉంటది. దుమ్ము గుంజే మిషిను ఒకటి పెట్టాలె. ఆ ల్యాబుల పెట్టలేదు. మొకానికి కట్టుకున్నది రుమాలు. 2021ల తమ్మునికి దగ్గు మొదలైంది. కరోనా అనుకున్నం, కాదు. ఆరు నెలలు తగ్గలే. సర్కారు దవాఖానకు పోతే ఎక్స్‌రే తీసి చిన్న డాక్టరమ్మ "ఏ క్వారీల పనిచేస్తవు?" అని అడిగింది. "క్వారీ కాదమ్మా, పళ్లు చేస్త" అన్నడు తమ్ముడు. ఆమె నమ్మలే. నా దిక్కు చూసింది. నేను బయాలజీ సారును. ఊపిరితిత్తుల పాఠం పన్నెండేండ్ల సంది చెప్తున్న. వాయుగోణులు ద్రాక్షపండ్ల గెల లెక్క ఉంటయని బోర్డు మీద బొమ్మ గీస్తున్న. నా ఇంట్ల మనిషి ఆ గెలలో దుమ్ము నింపుకుంటున్నడని నాకు తట్టలేదు.

అమెరికాల 1994 నించి 2000 నడుమ ఐదు రాష్ట్రాలల్లో పళ్ల ల్యాబుల పనిచేసినోళ్లు తొమ్మిది మందికి సిలికోసిస్ వచ్చిందని అక్కడి సర్కారు లెక్కతీసి అచ్చువేసింది. తొమ్మిది మందే. కాని లెక్కవెట్టిండ్రు. ఇక్కడ సిలికోసిస్ పేరు 1948 ఫ్యాక్టరీల చట్టంల ఉండె. ఆ రోగమొస్తే సర్కారుకు తెలపాలని ఉండె. కాని కరెంటుతో పనినడిచే చోట పదిమందికి తక్కువుంటే అది ఫ్యాక్టరే కాదని అదే చట్టం అన్నది. మా తమ్ముని ల్యాబుల ఏడుగురు. 2020ల చేసిన కొత్త కోడ్ 2025 నవంబరు 21 నించి అమలుకొచ్చింది. ఆ పదిని అది ఇరవై చేసింది. ఏడుగురికి చట్టం ఇంకింత దూరం జరిగింది. మా దిక్కు తుర్కపల్లి జీనోమ్ వ్యాలీల లోకానికంత టీకాలు తయారయితయి. అక్కడి ల్యాబులల్ల మనుషులు అంతరిక్షంలకు పోయేటోళ్ల లెక్క బట్టలేసుకుంటరు. ల్యాబు అనే మాట ఒక్కటే, ఊపిరి విలువ ఒక్కటి కాదు.

ఇగ మనోళ్ల సంగతి. మన సంఘాల మీటింగుల ఈ ముచ్చట తీస్తే ఒక మిత్రుడు నా మీద లేచిండు. "ఆరె, రంపె కింద పెట్టించుటానికి మన పెద్దలు పానాలు పెట్టిండ్రు. నువ్వు మళ్లా మన పిల్లల చేతికి కత్తి ఇస్తవా? డాక్టరు సీటు కోసం కొట్లాడాలె గని" అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు. ఆయన మాటల నిజం ఉన్నది. డాక్టరు సీటు కోసం కొట్లాడాలె. ఎస్సీలకు పదిహేను శాతం ఉన్నది, 2025 ఏప్రిల్ 14 నించి తెలంగాణల వర్గీకరణ గూడ వచ్చింది. ఆ సీట్లు మన పిల్లలు నింపాలె. కాని ఆ మిత్రునికి తెలవకుండనే డాక్టరు మాటే ఆయన నోట్లకొచ్చింది. చేతిపని తక్కువ పని అని ఇద్దరూ ఒప్పుకున్నరు. ఒకాయన అది మాకు చాలన్నడు, ఒకాయన అది మాకు వద్దన్నడు. పనిని తక్కువ చేసిందెవరు? మేము చేస్తున్నమని తక్కువైంది. గుడిల విగ్రహం చెక్కిన ఉలిని తక్కువన్నోడు లేడు. రోస్టరు సర్కారు కొలువుల దాకనే వస్తది, రేకుల గదిల దాకా రాదు. అక్కడ మనోళ్లు ఉన్నరు. వాళ్ల గురించి మీటింగుల ఒక్క తీర్మానం లేదు. చదువుకున్నోళ్లం మనం గూడ వెనక గదికి తలుపు వేసినమేమో, చూసుకోవాలె.

పెట్టుడు పళ్ల చరిత్ర తెలుసుకుందామని చదివితే నిద్ర పట్టలే. 1815ల వాటర్లూ యుద్ధంల చచ్చిన సిపాయిల పళ్లు పీకి తెచ్చి ఉన్నోళ్ల సెట్లకు కుట్టిండ్రు. వాటర్లూ పళ్లని వాటికి పేరే పడ్డది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇంటి ఖాతా పుస్తకంల 1784 మే నెలల తొమ్మిది పళ్ల కోసం నీగ్రోలకు డబ్బు ఇచ్చినట్టు రాసి ఉన్నది. ఆయన కింద ఉన్న బానిసల నోట్ల నించే కావచ్చంటరు. ఆ పళ్లు ఆయన సెట్టుకే పోయినయని రుజువు లేదంటరు. పోనీ. బానిస తన పన్నును అమ్మనని అనగలుగుతడా? అమ్మిండు అనే మాటకు అక్కడ అర్థమేంది? పింగాణి వచ్చింది, రబ్బరొచ్చింది, 1930ల తర్వాత అక్రిలిక్ వచ్చింది. పేదోని పన్ను పీకుడు ఆగింది. ఇప్పుడు పేదోని ఊపిరి గుంజుడు ఉన్నది.

మా అవ్వకు యాభై ఏండ్లకే పళ్లన్ని ఊడిపోయినయి. గుల్, పొగాకు, ఏడుగురు పిల్లల కానుపులు, బువ్వల గంజి తప్ప లేని రోజులు. ఎవరి తప్పని చెప్పాలె. 2016ల తమ్ముడు సెట్టు చేస్త అన్నడు. మేడ్చల్ల తెలిసిన డాక్టరు కొలత తీసిచ్చిండు, పైసలు గూడ తీసుకోలే, ఆ మాట గూడ రాయాలె. పళ్లకు షేడ్ గైడ్ అని ఉంటది, తెలుపుల పదహారు రకాలు. దాంట్ల అవ్వకు సరిపోయే పసుపు తెలుపు దొరికింది. చిగురు దొరకలే. చిగురు అక్రిలిక్ గులాబీ రంగుల వస్తది. మా అవ్వ చిగురు నేరేడు పండు రంగు. మనోళ్లల్ల ఎంతమంది చిగుర్లు గులాబీ ఉంటయి? తెల్లోళ్ల నోరు చూసి చేసిన రంగు అది, ఇక్కడి షాపులల్ల గూడ అదే ఎక్కువ. మొదటి సెట్టు పెట్టుకొని అద్దంల చూసుకొని అవ్వ "ఇది ఎవల నోరురా?" అన్నది. తమ్ముడు మాట్లాడలే. సెట్టు తీసుకపోయిండు. రంగు పొడులు తెప్పించి అక్రిలిక్‌ల కలిపి, కాల్చి, మళ్లా కలిపి, నాలుగు ఆదివారాలు పోయినయి. నేరేడు రంగు పట్టేదాక విడువలే. ఆ పళ్లతోనే అవ్వ మళ్లా మక్కబుట్టలు తిన్నది. 2022ల పోయింది. బొంద పెట్టేటప్పుడు సెట్టు తీద్దామా అని ఎవరో అడిగితే తమ్ముడు "అది అవ్వదే" అన్నడు.

ఏ కోర్సుల ఆ రంగు పాఠం ఉన్నది? ఏ పుస్తకంల మా చిగురు బొమ్మ ఉన్నది? రక్తంలో ఉంటదన్న పెద్దమనిషిని అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇప్పుడు మా అక్క బిడ్డ ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్ రాసింది, సీటు వచ్చేటంత మార్కులు రాలే. లాంగ్ టర్మ్ కోచింగుకు అక్క కాడ డబ్బుల్లేవు, నేను పెడ్త అన్న. "వద్దు మామా, నేను డెంటల్ టెక్నీషియన్ చదువుత" అన్నది. ఇల్లంత గడబిడ. అందరికన్న ఎక్కువ అడ్డం పడ్డది తమ్ముడే. "నా ఎక్స్‌రే చూసినంక గూడ ఈ మాట ఎట్ల వచ్చింది నీ నోట్ల?" అని మొత్తుకున్నడు. ఆ పిల్ల ఏడ్వలే. నోటు పుస్తకం తెచ్చింది. కాలేజీకి గుర్తింపు ఉన్నదా, చదివినంక రిజిస్టరు అయితదా, ల్యాబుల దుమ్ము గుంజే మిషిను ఉంటదా, కంప్యూటరుల డిజైను నేర్పుతరా అని వరుసగ రాసుకున్నది. ఇప్పుడు జిర్కోనియా పళ్లు స్కానరు చూసి, కంప్యూటరుల గీసి, మిషినుల చెక్కి, పదిహేను వందల డిగ్రీల దాకా కాలుస్తున్నరు. తమ్మునికి ఆ కంప్యూటరు రాదు, ఇంగ్లీషు మెనూలు సదవలేడు. ఇంకో నాలుగేండ్లల్ల తన మైనం కత్తికి పనుండదేమో అని వాడు రాత్రిళ్లు అంటున్నడు. "చిన్నమామా, కత్తి నువ్వు నేర్పు, కంప్యూటర్ నేను నేర్చుకొచ్చి నీకు చెప్త" అన్నది పిల్ల.

నేను ఆమెను డాక్టరు చదువుకు కొట్లాడమని చెప్పాల్నా, ఇటు పొమ్మని చెప్పాల్నా? 2008ల బర్లు అమ్మిననాడు నాయినకు ఈ తిప్పలే ఉండె, ఆయన ఒకన్ని ఎంచుకున్నడు. నేను ఎంచుకోను, ఆమె ఎంచుకున్నది. నా పని ఆమె రాసుకున్న ప్రశ్నలకు కాగితం మీద జవాబు తెప్పించుడు. ఫీజు నేను కడ్త. ఇది దయ కాదు, బర్ల బాకీ.

మొన్న ఆదివారం తమ్ముడు మైనం గడ్డ, కత్తి తెచ్చి ఆమె ముందట పెట్టిండు. "కింది మొదటి దవడ పన్ను చెక్కు" అన్నడు. కోపం ఇంకా పోలే, మొకం అటు తిప్పుకొని కూసున్నడు. పిల్ల నా టెన్త్ పుస్తకం ముందట పెట్టుకొని మూడు గంటలు చెక్కింది. వాకిట్ల మైనం పొట్టు. తమ్ముడు చేతిల తీసుకొని వెలుతురుకు తిప్పి చూసి, "నాలుగే ఉన్నయి. ఐదోది ఏది?" అన్నడు. మళ్లా కత్తి ఆమెకే ఇచ్చిండు.

దరఖాస్తుకు ఇంకా తొమ్మిది రోజులున్నయి. కులం సర్టిఫికెట్ మీసేవల పెట్టినం, ఇంకా రాలే. రేపు బడి అయినంక తహసీలు ఆఫీసుకు పోవాలె.